యాభై నాలుగు శాతంతో అల్లూరు మీదుగా

రెండో శనివారం, స్కూలుకు సెలవు. పొద్దున ఆరూ ముప్పావుకల్లా నేనూ మా ఆయన ప్రభాకర్ కావలి స్టేషన్లో నెల్లూరు ప్యాసింజరు కోసం నిలబడి ఉన్నాం. పోయేటప్పుడు రైలు, వచ్చేటప్పుడు కారు! ఈ మాట ముందురోజు నుంచి ఎన్నిసార్లు అనుకున్నానో. నలభై ఎనిమిదేళ్ల వయసులో, లైసెన్సు వచ్చి ఐదు నెలలైనా కాకుండా, నేను నడపబోయే కారును నేనే చూసుకోవడానికి పోతున్నాను మరి.

సరదా కోసం కాదు. అల్లూరు అవతల, సముద్రానికి దగ్గరగా ఉన్న ఊళ్లో నేను లెక్కల టీచర్ని. కావలి నుంచి అల్లూరుకు బస్సు, అక్కణ్ణుంచి షేర్ ఆటో. ఆ ఆటో అన్న పోయిన నెల బండి అమ్మేసి చెన్నై వెళ్లిపోయాడు. అప్పట్నుంచీ రోజూ ఆలస్యమే. కారు కుదరకపోతే వచ్చే నెల నుంచి నేను అల్లూరులో గది తీసుకుని వారానికోసారి ఇంటికి రావాలి. పెళ్లై ఇరవై మూడేళ్లయింది. విడిగా ఉండాలన్న మాట ఇద్దరికీ మింగుడు పడలేదు. మా తాహతుకు అందేవి రెండే రకాలు. వాడిన కరెంటు కారు, లేదా ఇంకాస్త పాతదైన హైబ్రిడ్. నాకు కరెంటుది కావాలి. ఆయనకు హైబ్రిడ్డే కావాలి.

రైలు ఇరవై నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. కిటికీ పక్కన సీట్లు దొరికాయి. ఎదురుగా కూర్చున్న పెద్దాయన, తెల్ల పంచె, భుజాన తువ్వాలు, మా వాదన కాసేపు శ్రద్ధగా విన్నాడు.

"హైబ్రిడ్డు వద్దమ్మా," అన్నాడు చివరికి. "ఒక కారే పండుతాది. మళ్లా ఆ యిత్తనం పనికిరాదు."

మా ఆయన పనిచేసేది హైబ్రిడ్ విత్తనాలమ్మే కొట్లో. పెట్టె పెట్టంతా నవ్వింది, ఆయన తప్ప. నేను ఆ పెద్దాయనకు నా కారియర్లోని ఇడ్లీ పెట్టాను.

తొమ్మిదింటికి నెల్లూరు. ఆటోలో పాత కార్ల షాపుకు చేరేసరికి తొమ్మిదిన్నర. షాపు మస్తాన్ గారిది, మా స్కూలు సైన్సు మాస్టారి స్నేహితుడు. ముందు హైబ్రిడ్ నడిపాం. అబద్ధమెందుకు, బాగానే ఉంది. ట్రాఫిక్‌లో నిలబడినప్పుడు ఇంజను తనంతట తాను ఆగిపోతుంటే మా ఆయన ముఖం చూడాలి, సొంతంగా ఆయనే కనిపెట్టినట్టు.

తర్వాత కరెంటు కారు ఎక్కాను. తెల్లది, చిన్నది, ఎడమ తలుపు మీద ఒక గీత. బటన్ నొక్కి కూర్చున్నాను. చప్పుడు లేదు.

"స్టార్ట్ కాలేదండీ," అన్నాను.

"అయింది మేడం, పోనీండి," అన్నాడు మస్తాన్.

పాదం అలా ఆనించానో లేదో ముందుకు ఉరికింది! గేరు లేదు, క్లచ్చు లేదు, డ్రైవింగ్ స్కూల్లో నన్ను ఏడిపించినవేవీ లేవు. షాపు చుట్టూ మూడు రౌండ్లు కొట్టి దిగమంటే దిగబుద్ధి కాలేదు.

నా సంబరం చూసి మస్తానే అన్నాడు. "తీసుకుపోండి మేడం. రేపు సాయంత్రం దాకా నడుపుకోండి. చార్జింగు నిండా పెట్టలేదు, యాభై నాలుగు శాతం ఉండాది. హైవే మీద కావలికి బాగా సరిపోతాది."

హైవే ఎవరికి కావాలి? నేను రోజూ పోయే దారి చూడాలి కదా. కోవూరు, అల్లూరు, సముద్రం దాకా పోయి, వెనక్కి అల్లూరు మీదుగా కావలి. అంతా కలిపి తొంభై కిలోమీటర్లకు అటూ ఇటూ. మస్తాన్ చెప్పిన మైలేజీ ప్రకారం యాభై శాతంతో అయిపోవాలి. మా ఆయన తలుపు వేసుకుంటూ షరతు పెట్టాడు.

"యాడా ఆగిపోకుండా ఇల్లు చేరితే నీ ఇష్టం. మధ్యలో ఆగిందా, హైబ్రిడ్డే. మళ్లా మాట్లాడబాక."

సరేనన్నాను.

పదీ నలభైకి బయలుదేరి పెన్నా బ్రిడ్జి దాటాం. కోవూరు తర్వాత రోడ్డుకు రెండు వైపులా వరి, ఆ పైన రొయ్యల గుంటలు. ఇంజను మోత లేకపోవడంతో బయట కొంగల అరుపులు కూడా వినిపించాయి. పదకొండేళ్లుగా ఇలాంటి పొలాల మధ్యనే తిరుగుతున్నాను. బస్సులో నిలబడి చూడటం వేరు, స్టీరింగు పట్టుకుని చూడటం వేరు. చిన్నపిల్లలా అరవాలనిపించింది, ఒకసారి అరిచాను కూడా. పదకొండూ ముప్పావుకు అల్లూరు, ముప్పై ఆరు శాతం. పన్నెండుంబావుకు సముద్రం, ముప్పై ఒకటి. లెక్క తు.చ. తప్పకుండా నడుస్తోంది.

ఒడ్డున పడవలు అప్పుడే వచ్చినట్టున్నాయి. మా ఆయన బేరమాడి వంజరం చేప ఒకటి కొన్నాడు, మంచి బరువైంది. పక్కనే తాటాకు పాకలో భోజనం, చేపల పులుసుతో చెరి నూట ఇరవై. తిన్నాం, అలల్లో కాళ్లు తడుపుకున్నాం, ఫోటోలు దిగాం. ఒకటీ ముప్పావుకు కారు దగ్గరికి వస్తే లోపల మంచుగది. ఏసీ నడుస్తోంది. సీటు కింద సంచిలో వంజరం హాయిగా పడుకుని ఉంది.

"చేప చెడిపోతాదని వేసినా," అన్నాడు ఆయన. "పెట్రోలేం గాదు గదా, కరెంటే గదా!"

తెర మీద ఇరవై ఒకటి. గంటన్నరలో చేప పది శాతం తినేసింది. ఇంటికి నలభై మూడు కిలోమీటర్లు. ఏసీ లేకుండా పోయినా ఇరవై నాలుగు కావాలి. నాకు ఒళ్లు మండిపోయింది, కానీ అరిచి ప్రయోజనమేముంది? షరతు షరతే. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. గెలిచిన ముఖం కాదది. ఏసీ కట్టేసి కారు తీశాను.

రెండు కిలోమీటర్లు పోయాక సీనయ్య రొయ్యల గుంటలు కనిపించాయి. అతని కూతురు పోయినేడు నా దగ్గరే పదో తరగతి చదివింది. కారు గట్టు మీదికి తిప్పాను.

"ఒక్క అరగంట కరెంటు ఇస్తావా సీనయ్యా?"

"అదేం మాట అక్కా, రాండి," అని షెడ్డులోని పెద్ద ప్లగ్గు చూపించాడు. ఎండ ఫెళ్లున కాస్తోంది, గుంటల్లో నీళ్లు చిలికి గాలి పట్టించే ఏరియేటర్లు ఆపి ఉన్నాయి.

డిక్కీలోని చార్జరు తీసి గుచ్చాను. ఎర్ర లైటు. తీసి మళ్లీ గుచ్చాను. ఎర్ర లైటే. సీనయ్య వంగి చూసి, "ఎర్తు అందడం లేదక్కా. ఎండలకి నేల ఎండిపోయింది," అన్నాడు. బకెట్టుతో గుంటలోని ఉప్పునీళ్లు తెచ్చి షెడ్డు వెనక ఎర్తు కడ్డీ మొదట్లో కుమ్మరించాడు. రెండో బకెట్టుకు పచ్చ లైటు వెలిగింది! నేను చప్పట్లు కొట్టాను. ఉప్పునీళ్లు పోస్తే కారు నడుస్తుందని ఎల్లుండి క్లాసులో చెబితే ఎవరు నమ్ముతారు?

ఇరవై. ఇరవై ఒకటి. ఇరవై రెండు. మా ఆయన కూడా వచ్చి తెర ముందు నిలబడ్డాడు. ఇరవై నాలుగు అయ్యేసరికి వెలుతురు తగ్గింది. తూర్పున, సముద్రం మీద నుంచి మబ్బు నల్లగా కమ్ముకొస్తోంది.

సీనయ్య మోటారు స్టార్టర్ల వైపు నాలుగడుగులు వేసి ఆగాడు. మావైపు చూశాడు.

నాకు అర్థమైంది. మబ్బు పడితే నీళ్లలో గాలి తగ్గిపోతుంది, వెంటనే ఏరియేటర్లు తిప్పకపోతే రొయ్యలు పైకి తేలతాయి. మబ్బు పట్టిన రోజున మా స్కూలు తల్లిదండ్రుల మీటింగుకు ఒక్క తండ్రీ రాడు. షెడ్డు లైను మోటార్లనూ నా కారునూ కలిపి మోయలేదు. ప్లగ్గు పీకేశాను.

"ఇంకో పది నిమిషాలు ఉండనీ అక్కా," అన్నాడు సీనయ్య మొహమాటంగా.

"వద్దు, ముందు మోటార్లు వెయ్."

అతను పరుగెత్తాడు. గుంటలన్నీ ఒక్కసారి నురగలు కక్కుతూ తిరిగాయి. ఇప్పుడు ఇల్లు చేరాలంటే కావాల్సింది ఇరవై మూడు. ఉన్నది ఇరవై నాలుగు.

రెండూ యాభైకి బయలుదేరాం. ఏసీ లేదు, పాట లేదు, ఫోను చార్జింగు లేదు. అద్దాలు దించి నలభై స్పీడు దాటకుండా నడిపాను. వెనక వచ్చిన ట్రాక్టర్లకు కూడా దారిచ్చాను. సీనయ్య వేసిచ్చిన మంచుగడ్డ మీద చేప మాత్రం భద్రంగా ఉంది. అల్లూరు దగ్గర పంతొమ్మిది. సగం దారిలో చినుకులు మొదలైతే వైపర్లు వేయక తప్పలేదు. అవెంత తింటాయో నాకేం తెలుసు? పది. ఏడు. కావలి పొలిమేరలో కాలేజీ గోడ కనిపించేసరికి నాలుగు.

ఈ దారిన కరెంటు కారులో వచ్చేవాళ్లకు ఒక్కటి చెబుతాను. బయలుదేరే ముందు నిండా చార్జింగు పెట్టుకోండి, చేపను మంచులో పెట్టుకోండి. మిగతాది హాయిగా ఉంటుంది. రోజూ నా రాకపోకలకు ఇంట్లో పెట్టిన చార్జింగు ధారాళంగా సరిపోతుందని కూడా తేలింది. కానీ అది ఎలా చెప్పాలి? మధ్యలో ఒకచోట ఆగాం కదా.

మా వీధి మలుపులో ఆయనే నోరు విప్పాడు.

"మస్తాన్‌కి ఫోన్ చెయ్. ఈ కారే తీసుకుంటాండామని చెప్పు."

"ఆగినాం కదండీ."

"ఏ కారైనా ఎప్పుడో ఒకప్పుడు ఆగుతాది సుజాతా. నువ్వు ఆ రోడ్డు మీద ఒక్కదానివే నిలబడిపోతావేమోనని నా భయం. ఈ పొద్దు చూసినా గదా. నువ్వు అడిగితే ఇచ్చేవాళ్లుండారు, వాళ్లకి అవసరమైతే అడక్కముందే ప్లగ్గు పీకేస్తావు. ఇంకేం భయం నాకు?"

ఇంటి ముందు ఆపాను. మూడు శాతం. స్టీరింగు వదలకుండా అలాగే కూర్చుండిపోయాను, కళ్లు తుడుచుకోవడానికి కూడా చెయ్యి తీయలేదు. ఆయన చేప సంచి పట్టుకుని దిగి, గేటు తెరిచి, వెనక్కి తిరిగాడు.

"ఇంక ఆ అల్లూరు గది మాట ఎత్తబాక."