తిరువూరు టైలరుకు పదికి పది

నేను తిరువూరు వెళ్లింది దేవుడి దర్శనానికీ కాదు, పెళ్లికీ కాదు. జవాబు పత్రాల అడుగున రాసి ఉన్న మూడు ముక్కలు చదివి, భయపడి వెళ్లాను.

డెబ్బైల మధ్యలో మాట. అప్పట్లో నేను బెజవాడలో, పోస్టు ద్వారా ఇంగ్లీషు నేర్పే ఒక చిన్న సంస్థకి పాఠాలు రాసేవాణ్ణి. నా వంతు జాతీయాలు. 'అండర్ ద వెదర్' అంటే ఒంట్లో నలతగా ఉండటం, 'వన్ ఫుట్ ఇన్ ద గ్రేవ్' అంటే కాటికి కాళ్లు చాపుకోవడం, 'కిక్ ద బకెట్' అంటే మన కుర్రాళ్లు బాల్చీ తన్నేయడం అంటున్నదే. ఇలా నెలకు పది వివరించి పంపితే విద్యార్థులు ఒక్కోదానికీ ఒక సొంత వాక్యం రాసి తిప్పి పంపాలి. నేను ఎర్రసిరాతో దిద్ది మార్కులు వేస్తే, ఆఫీసువాళ్లు ఒక నకలు ఫైల్లో పెట్టుకుని అసలు కాగితం తిప్పి పంపేవాళ్లు. కాగితం అడుగున 'సందేహాలు' అని ఒక గడి ఉండేది. అందులో ఎవరూ ఏమీ రాయరని నా చూపు అక్కడిదాకా వెళ్లేది కాదు.

తిరువూరు నుంచి ఖాసిం అనే టైలరు రాసేవాడు. ముత్యాల్లాంటి అక్షరాలు. దసరా నుంచి తాను అండర్ ద వెదర్ అని రాశాడు, టిక్కు పెట్టాను. తన ఒక కాలు గ్రేవ్‌లో ఉందని రాశాడు, టిక్కు పెట్టాను. మామిడిపళ్లు దిగేలోపు బకెట్ తన్నేస్తానని రాశాడు. అందులో చిన్న 'ద' ఒకటి తప్పిపోతే దాన్ని చేర్చి, అయినా ముచ్చటపడి పదికి పది వేసి, పక్కన 'వెరీ గుడ్' అన్నాను.

ఏప్రిల్లో ఫైళ్లు సర్దుతూ అతని ఆరు పత్రాల నకళ్లూ వరసగా పెట్టినప్పుడు చూశాను. ఆరింటి అడుగునా, ఆ గడిలో, తెలుగులో ఒకే మాట.

"సార్, వాక్యాలు ఊహించి రాయమన్నారు. నాకు ఊహించడం రాదు. ఇవన్నీ జరుగుతున్నవే."

మర్నాడు పొద్దున ఆరూ నలభైకి తిరువూరు బస్సెక్కాను. ఆ దారిన వెళ్లేవాళ్లు ఎండ పడని ఎడమవైపు సీటు చూసుకోవడం మంచిది, ఏప్రిల్ ఎండ ఏడింటికే మొదలవుతుంది. కొండపల్లి దాటాక తోటలు మొదలయ్యాయి. ఎనిమిదింటికి మైలవరంలో బస్సు పావుగంట ఆగింది. ఇడ్లీ బాగుంది, కాఫీ గురించి చెప్పకపోవడమే మర్యాద.

అక్కడ నా పక్కన పెనుగొలను రైతు ఒకాయన కూర్చున్నాడు. ఒళ్లో కొత్త బట్టల మూట. మనవడికి చొక్కాలు కుట్టించాలని చెప్పాడు. తిరువూరులో ఖాసిం టైలరు తెలుసా అని అడిగాను.

"తెలియకపోవడమేంటండి, మావాళ్లందరికీ అతనే కుట్టేవాడు. ఇప్పుడు మాత్రం వేరేచోట ఇస్తున్నాం."

"ఏం?"

"అతని గడువు అయిపోవచ్చిందండి. మామిడిపళ్లు దిగేదాకానే. ఆ తర్వాత ఇవ్వాల్సిన పని ఏదీ ఒప్పుకోవట్లా." గొంతులో బాధేమీ లేదు, బస్సు వేళ చెబుతున్నట్టుంది. "బెజవాడలో ఎవరో పెద్ద చదువుకున్న సారంట. ఎర్రసిరాతో ఖాయం చేసి పంపాడంట."

నా చొక్కా జేబులో ఎర్రసిరా పెన్ను ఉంది. దాన్ని మెల్లగా తీసి సంచిలో అడుక్కి తోసేశాను. ఆ తర్వాత ఎ.కొండూరు ఎప్పుడొచ్చిందో, ఎప్పుడు పోయిందో నాకు తెలియదు.

తొమ్మిదీ యాభైకి తిరువూరులో దిగాను. బస్టాండు దగ్గర టీ కొట్టాయన్ని ఖాసిం ఇల్లు అడిగితే గ్లాసులు కడుగుతూనే దారి చెప్పి, "తొందరగా వెళ్లండి, రెడ్డిగూడెం తోటల్లో మామిడి కోతలు మొదలెట్టారు" అన్నాడు. సోడాలమ్మే మనిషీ అదే అన్నాడు. ఊరంతా ఒక మనిషి చావుకి తయారై, ఎవరి పని వాళ్లు చేసుకుంటోంది.

ఇంటి ముందు గదే కొట్టు. మిషను మీద గుడ్డ కప్పి ఉంది. దాని వెనక గోడ చూసి గుమ్మంలోనే నిలబడిపోయాను. నేను దిద్ది పంపిన ఆరు అసలు కాగితాలనూ అన్నం మెతుకులతో గోడకి అంటించుకున్నాడు. గోడ నిండా నా చేతిరాత. నా టిక్కులు, నా పదికి పదులు, నా వెరీ గుడ్లు.

లోపల్నుంచి అతని భార్య హుస్సేన్‌బీ వచ్చింది. నా పేరు చెప్పగానే కొంగు సర్దుకుని, "ఎర్రసిరా సారా?" అంది. కోపంగా అని ఉంటే బాగుండేది. గౌరవంగా అంది.

"డాక్టరు బెజవాడ పెద్దాసుపత్రికి పొమ్మని చీటీ రాసిచ్చాడు సారూ. ఎన్నిసార్లో చెప్పా. ఈయన మీ కాగితం చదివి అర్థం చెప్పి, ఎర్రగీత చూపించేవాడు. అంత చదువుకున్న మీరే కాదనలేదు. నేనేం అంటాను?"

ఖాసిం మంచం మీద కూర్చుని ఉన్నాడు. ముప్పై అయిదేళ్లుంటాయేమో, చొక్కా లోపల మనిషి సగమే ఉన్నాడు. పక్కన మడత విప్పని తెల్లగుడ్డ, దానిమీద కొలతల టేపు. నా చూపు అటు పోవడం గమనించాడు.

"కఫన్ సార్, పోయాక చుట్టే గుడ్డ. నా కొలతకి నేనే తీసిపెట్టుకున్నా. దీనికి కుట్టు ఉండదు కాబట్టి ఎవరికీ ఇబ్బంది లేదు."

నాకు ఒళ్లు మండింది. భయం వేస్తే నాకు కోపమే వస్తుంది.

"నేను మార్కులు వేసింది మీ ఇంగ్లీషుకయ్యా, మీ చావుకి కాదు. ఆ మాత్రం తెలియదా?"

"తెలుసు సార్." దగ్గు తగ్గేదాకా ఆగాడు. "ఆసుపత్రంటే భయం. పోవాలో వద్దో తేలక మీకు రాశా. ఒక్క కాగితంలోనైనా అయ్యో అంటారేమోనని చూశా. మీరు అనలా. మరి ఇంతేనేమో అనుకున్నా."

సంచి అడుగునుంచి పెన్ను తీసి, గోడ దగ్గరికి వెళ్లి, మామిడిపళ్ల వాక్యాన్ని అడ్డంగా కొట్టేశాను. గోడ ఎగుడుదిగుడుకి కాగితం చిరిగింది. "తప్పు. బెజవాడ వచ్చి మళ్లీ రాయండి" అన్నాను. ఖాసిం ఆ గీతనే చూస్తూ కూర్చున్నాడు. హుస్సేన్‌బీ మాత్రం రెండు లుంగీలు, డాక్టరు చీటీ సంచిలో పెట్టింది. తెల్లగుడ్డ తీసి పెట్టెలో అడుక్కి తోసి తాళం వేసింది.

ఆమె పెట్టిన రొట్టె, పప్పు తిని ఒంటిగంటా నలభైకి ముగ్గురం బస్సెక్కాం. ఖాసిం కిటికీ పక్కన, నేను అతని పక్కన, ఆమె ముందు ఆడవాళ్ల సీట్లో. తిరువూరు మనుషులు నలుగురైదుగురు మమ్మల్ని చూసి గుసగుసలాడారు. ఎవరూ పలకరించలేదు. లేని మనిషిని ఎవరు పలకరిస్తారు?

మూడుంబావుకి మైలవరంలో ఆగింది. రెడ్డిగూడెం నుంచి మామిడి గంపలు దిగి ఉన్నాయి. బస్సంతా పళ్ల వాసన. ఖాసిం ముక్కుకి తువ్వాలు అడ్డం పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. నేను దిగి, ఒక పండు కొని తెచ్చి అతని చేతిలో పెట్టాను.

గుసగుసలు ఆగిపోయాయి. ముందు సీట్లవాళ్లు వెనక్కి తిరిగారు. కండక్టరు కూడా టికెట్లు కొట్టడం మాని చూస్తున్నాడు. హుస్సేన్‌బీ పెదవులు కదులుతున్నాయి, ప్రార్థనేమో. నేను ఎగతాళి చేసే మనిషిని, ఇలాంటివి నమ్మను. అయినా ఆ క్షణంలో నేనూ అందరితోపాటు ఆ పండునే చూశాను.

ఖాసిం పండు కొరికాడు. నమిలాడు. మింగాడు. మళ్లీ కొరికాడు.

ఏమీ కాలేదు. తిరువూరువాళ్లు ఒక్కొక్కరే ముందుకి తిరిగారు, పందెం ఓడినవాళ్లలా. బస్సు కదిలింది. ఖాసిం టెంకె దాకా చీకి, మూతి తుడుచుకుని అడిగాడు.

"ఇప్పుడా వాక్యానికి ఎన్ని మార్కులు సార్?"

"సున్నా."

నవ్వాడు. ఆ నవ్వు దగ్గులోకి తిరిగి అతన్ని రెండుగా వంచేసింది. తువ్వాలు మీద పండు రసం పక్కన ఎర్రగా ఇంకో మరక పడింది. నా చెయ్యి దానంతటదే అతని వీపు మీదికి పోయింది.

"అయ్యో" అన్నాను.

ఖాసిం తలెత్తి నా మొహంలోకి చూశాడు. వీపు మీదున్న నా చెయ్యి అందుకున్నాడు. కొండపల్లి దాటి బెజవాడ వచ్చేదాకా నా చెయ్యి వదల్లేదు.