సార్ ఇంటి మీదుగా నీలం గీత

శుక్రవారం పొద్దున మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఒకడు పెట్టాడు: "ప్లానింగ్ సార్ పోయిండ్రట. నమాజుకు లేచి నల్ల కాడ వజూ చేసుకుంటనే పడిపోయిండ్రట." నేను అప్పటికి కరీంనగర్‌లో మా ఆఫీసులో ఉన్నాను. నా ముందు తెర మీద తెరిచి ఉన్నది సార్ వాళ్ల గల్లీయే. మేం చదివిన పట్టణం మాస్టర్ ప్లాన్ ముసాయిదాలో ఆ వార్డు నా వంతుకు వచ్చింది. చాలాసేపు మెసేజ్‌నూ తెరనూ మార్చి మార్చి చూడడం తప్ప ఏమీ చేయలేకపోయాను.

ఇంజనీరింగ్ ఆఖరి ఏడాదిలో సార్ మాకు సుస్థిర పట్టణ, ప్రాంతీయ ప్రణాళిక చెప్పారు. మార్కులు సులువుగా పడతాయని సివిల్ వాళ్లమంతా ఆ సబ్జెక్టు ఎంచుకున్నాం. మొదటి క్లాసులో తెల్లకాగితాలు పంచి, ఎవరి ఊరు వాళ్లను గీయమన్నారు. మాది బోథ్ దగ్గర పల్లె. ఆదిలాబాద్ పోయే రోడ్డు గీసి, దానికి అటూ ఇటూ ఇండ్లు పెట్టాను. నస్పూర్ అబ్బాయి బొగ్గు బావి, క్వార్టర్లు, బస్టాండు గీశాడు. సార్ కాగితాలన్నీ తిరగేసి చూసి, "మీ ఊళ్లల్ల ఎవ్వరు నీళ్లు తాగరా?" అన్నారు. అందరం నవ్వాం. ఆయన నవ్వలేదు.

"రోడ్డు మనం చెప్పినట్టు ఇంటది బేటా. ఎటు మల్పితే అటు మల్గుతది. నీళ్లు ఇనయి. అందుకే నక్షాల ముందు నీళ్లను గియ్యాలె."

అదే ఆయన పద్ధతి. ముందు నీలం పెన్సిల్‌తో చెరువు, వాగు, మత్తడి. చెరువు నిండితే మిగులు నీళ్లు బయటికి దూకే చోటు మత్తడి. ఆ నీళ్లు పోయే కాలువను కూడా గీశాక మనుషులు నడిచే దారులు, చెట్లు. రోడ్లూ ఇండ్లూ అన్నిటికన్నా ఆఖరున. ముందు రోడ్డు గీసినవాళ్ల కాగితం, ఎంత చక్కగా ఉన్నా, వెనక్కి వచ్చేది.

"గీత గీసుడు అల్కనే. ఆ గీత మీదున్న మనుషులు ఏడికి పోవాల్నో అది కూడ గియ్యాలె. అది గియ్యనోడు ఇంజనీర్ కాదు, పెయింటర్" అనేవారు.

వాన పడితే క్లాసు గదిలో జరిగేది కాదు. సార్ ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, చెప్పులు చేతిలో పట్టుకుని ముందు నడిచేవారు. గొడుగు తెచ్చేవారు గానీ విప్పేవారు కాదు, దాని కొసతో నీళ్లు పోయే దారి చూపించేవారు. ఒకసారి మావాడొకడు బురదలో చెప్పు తెగి, విసుక్కుంటూ, "సార్, గిదంత ఎగ్జామ్ల వస్తదా?" అన్నాడు.

"ఎగ్జామ్ల రాదురా, ఇంట్లకొస్తది."

ఆ రోజే మమ్మల్ని పట్టణం అంచున ఒక ఇంటికి తీసుకుపోయారు. ముందుగది గోడకు నడుమెత్తున, ఎన్నిసార్లు సున్నం వేసినా పోని మట్టిచార ఉంది. ఈ ఇల్లు ఎక్కడ కట్టారో చెప్పమన్నారు. ఎగువనున్న చెరువు కట్టను చూసి, మత్తడి కాలువలో కట్టారని చెప్పాం.

"మరి కట్టినోడు ఎసొంటోడు?"

"చదువు రానోడై ఉంటడు సార్" అన్నాడు నస్పూర్ అబ్బాయి.

లోపలి నుంచి ఒకావిడ టీ తెచ్చారు. "మళ్లొచ్చిన్రా నా గోడ సూపెట్టనీకె? జూ లెక్క టికెట్ పెట్టుండ్రి, జర ఇల్లన్న నడుస్తది."

అది సార్ ఇల్లేనని అప్పుడు తెలిసింది. నస్పూర్ అబ్బాయి గ్లాసు అందుకోలేక నిలబడిపోయాడు. "తీస్కోరా, సరిగనే చెప్పినవ్" అన్నారు సార్.

ఉద్యోగం కొత్తలో జాగా కొని కట్టుకున్న ఇల్లట. కాగితాలు సరిగ్గానే ఉన్నాయి, అనుమతీ ఉంది. "అప్పట్ల కరువు. ఏండ్లకేండ్లు చెరువు నిండలే. కాలువల పోరగాండ్లు క్రికెట్ ఆడుతుండె. ఎండిన చెరువును జూసి, ఇగ మత్తడి దుంకది అనుకున్న. ఈ ఇలాఖల అందరం గట్లనే అనుకున్నం." చెరువు నిండిన మొదటి ఏడాదే నీళ్లు తమ పాత దారిన, ఆయన వంటింట్లోంచి పోయాయి.

అమ్మేయొచ్చు కదా అని సార్ భార్యను అడిగాను. మేమంతా ఆమెను ఖాలా, అంటే పిన్ని, అనేవాళ్లం. "అమ్మితే కొన్నోడు మునుగుతడని మీ సార్‌కు ఫికర్. మేం మునిగితే ఏం లేదు" అన్నారామె. నవ్వుతూనే అన్నారు గానీ, గ్లాసులు తీసుకుని చరచరా లోపలికి పోయారు.

చదువయ్యాక నేను ప్లాన్లు తయారుచేసే ఒక ప్రైవేటు సంస్థలో చేరాను. ఈ వేసవిలో ఆ వార్డు నా చేతికి వచ్చింది. మత్తడి కాలువను దాని నిజమైన వెడల్పుతో గీశాను. ఆ నీలంలో సార్ ఇల్లూ, సగం గల్లీ పడ్డాయి. అదే ఖరారైతే అక్కడ కొత్త గదికి అనుమతి రాదు, లోను రాదు, కొనేవాడూ రాడు. మా సీనియర్ చూసి, "గింత లావు గీత ఎందుకమ్మా? మురికి మోరీ అని రాసి సన్నగ గియ్యి. ఎవ్వలకు పరేషాన్ ఉండది" అన్నారు.

ఆ సాయంత్రం సార్‌కు ఫోన్ చేసి, గీసిన కాలువ సంగతి చెప్పాను.

"మా ఇల్లు వచ్చిందా అందుల?"

"వచ్చింది సార్."

"మీ ఖాలాకు నేనే చెప్త. నువ్వు చెప్పకు" అన్నారు. ఆయనతో నా ఆఖరి మాటలు అవే.

ఖాలా ఇప్పుడు ఇద్దత్‌లో ఉన్నారు. భర్త పోయిన ఆడవాళ్లు కొన్ని నెలలు గడప దాటని కాలమది. ముసాయిదా మీద అభ్యంతరాలు వినే సభకు ఆమె రాలేరు. అందుకే ముసాయిదా పంపేముందు నేనే నక్షా చుట్టుకుని పోయాను.

"సార్ మీకేమన్న చెప్పిన్రా ఖాలా?"

"ఏం చెప్పాలె? ఏదో చెప్తనన్నట్టు వచ్చి కూసుంటుండె, మళ్ల లేచి పోతుండె. షుగర్ పెరిగిందేమో అనుకున్న."

ప్రతి బ్యాచ్‌కూ గోడ చూపించిన మనిషి ఇంట్లో ఈ ఒక్క మాట చెప్పలేకపోయారు. నేనే చెప్పాల్సి వచ్చింది. నక్షాను మంచం మీద పరిచి, వంటిల్లు ఎక్కడ పడిందో వేలు పెట్టి చూపించాను.

"గీత జరుపొస్తదా నీకు?"

"వస్తది."

"జరిపితే?"

"ఎగువ కాలువల ఇంకింత మంది ఇండ్లు కడ్తరు ఖాలా. నీళ్లు ఇంకింత ఎత్తుల వస్తయి."

ఆమె ఆ కాగితాన్ని తన వైపు తిప్పుకున్నారు. "ఆయన పోయిండు. గీతనేమో నా మీద ఇడిచిపెట్టిండు. ఊరందరికి పాఠం చెప్పిండు గని నాకొక్క మాట చెప్పనీకె నోరు రాలే." నాకు సార్ మీద మొదటిసారి కోపం వచ్చింది. అంతలోనే, నేనైతే చెప్పగలిగేదాన్నా అనీ అనిపించింది.

"నన్ను అడగకు బేటా. జరుపుమని చెప్ప, జరుపకని చెప్ప."

గీత జరపకుండానే ముసాయిదా పంపాను. ఎత్తు మీదున్న సర్కారు జాగాను ఆ ఇండ్లవాళ్లకు కేటాయించాలని పక్కనే గీసి, రాసి పెట్టాను. దాన్ని ఎవరైనా చదువుతారో లేదో తెలియదు. గల్లీవాళ్లు అభ్యంతరం పెట్టారు. వాళ్ల భయంలో అబద్ధమేమీ లేదు. "సార్ దగ్గర నేర్చుకున్నది సార్ ఇంటికే పెట్టినవ్" అన్నారు మా సీనియర్. సార్ ఉంటే మెచ్చుకునేవారని మా బ్యాచ్ వాళ్లంటున్నారు. మెచ్చుకునే ఉంటారు. కానీ ఆ ఇంట్లో ఇంకా ఒక మనిషి ఉన్నారు.

ఖాలాకు నక్షా చూపించిన ఆ సాయంత్రం నేను లేవబోతుంటే మబ్బు కమ్మింది. ఖాలా ముందుగదిలోని బట్టల సందూకను, ఆ రేకుపెట్టెను, ఒక పక్క పట్టుకున్నారు. వానలు మొదలవగానే, నీళ్లు అందకుండా, సార్, ఆమె కలిసి దాన్ని మెట్ల మీదికి ఎక్కించేవారట. రెండో పక్క నేను పట్టుకున్నాను. బరువుగా ఉంది. ఏటా పెట్టే మెట్టు మీద రేకు ఒరుసుకుపోయిన గీతలున్నాయి. అక్కడ దించబోయాను. ఆమె చెయ్యి వదల్లేదు.

"ఇంకో మెట్టు పైకి పట్టు" అన్నారు.