బేరమాడని గైడుగారు

మాది అమలాపురంలో బట్టల కొట్టు. ధర రెట్టింపు చెప్పాలి, వచ్చినవాళ్లు కోస్తారు, చివరికి సబబైన చోట ఆగుతుంది. అక్షరాలకన్నా ముందు నాకు వచ్చిన విద్య ఇదే. బట్టల కొట్లలో బేరాల మీద పీహెచ్‌డీకి కూర్చున్నప్పుడు థీసిస్‌కీ ఇదే పద్ధతి పెట్టాను. తిరిగింది మా వీధి కొట్లు. రాసింది మాత్రం "దక్షిణాసియా వినిమయ సంస్కృతిలో మౌలికమైన మలుపు" అని, అదీ ఇంగ్లీషులో, ఒక్కో వాక్యం అరపేజీ. గైడుగారు దక్షిణాసియాని కోసి ఆంధ్రా చేస్తారు, నేను కాసేపు గింజుకుని జిల్లాకి దిగుతాను, అనుకున్నాను.

ఆయన నాలుగు పేజీలు తిప్పారు.

"ఎక్కడా అర్థం కాలేదమ్మా. చాలా బాగా వచ్చింది" అని సంతకం పెట్టేశారు.

చెప్పిన ధరకే కొనేసే మనిషిని చూస్తే కొట్టువాడికి భయం. నాకూ వేసింది. అయినా అలాగే యూనివర్సిటీకి పంపేశాను. డిగ్రీ వస్తే కాలేజీలో ఉద్యోగం పర్మనెంటు, రాకపోతే మళ్లీ కొట్లో గల్లాపెట్టె దగ్గరికే.

వైవాకి బయటినుంచి వచ్చిన ఎగ్జామినర్ మేడమ్ మాత్రం మొత్తం చదివారు.

"దక్షిణాసియాలో ఎన్ని ఊళ్లు తిరిగారు?"

"ఆంధ్రా అనుకోండి మేడమ్."

"ఎన్ని జిల్లాలు?"

"పోనీ, కోనసీమండి."

"రాజోలు వెళ్లారా?"

"పెళ్లికి వెళ్లేనండి."

గైడుగారు ఫ్యానుకేసి చూస్తున్నారు.

"ఆఖరి మాట చెప్పండి."

"మా వీధండి. పధ్నాలుగు కొట్లు. ఇంక తగ్గలేనండి."

ఆవిడ నవ్వలేదు. "ఆ వీధి ఇందులో ఎక్కడుందో చూపించండి" అన్నారు. పేజీలు తిప్పాను. పుట్టి పెరిగిన వీధి నాకే దొరకలేదు.

పుస్తకం మూసి, నోటితో చెప్పమన్నారు. కొనేవాళ్లు రెండోసారి ముట్టుకున్న చీర మడతే మా నాన్నగారు విప్పుతారని చెప్పాను. కొనేవాళ్లు నచ్చిన చీరనే ముందు తిడతారని, నచ్చనిదాన్ని మెచ్చుకుని పక్కన పెడతారని చెప్పాను. పావుగంట చెప్పాను.

"ఇది రాసి తీసుకురండి, ఇంగ్లీషులోనే. డిగ్రీ సంగతి అప్పుడు చూద్దాం" అన్నారావిడ.

నాలుగు నెలలు పట్టింది. పెద్ద మాట ఎత్తి చూస్తే చాలాచోట్ల కింద ఏమీ లేదు. మూడు వందల పేజీలు తొంభై అయ్యాయి. మేడమ్ చదివి, సరేనని ఫోన్ చేశారు.

గైడుగారు ఈసారి చివరిదాకా చదివారు. దిగులుగా ముఖం పెట్టారు.

"అంతా అర్థమైపోతోందేంటమ్మా! ఇది థీసిస్సేనా?"

"మేడమ్ గారు ఒప్పుకున్నారండి."

"ఆయ్! అయితే నేను చెప్పినట్టే రాసేవన్నమాట."