మెట్ల మీది దీపం

మూడో అంతస్తులో ఉండే ప్లంబరు తాతకి కారే కుళాయి కనిపిస్తే అన్నం సహించదు. నలభై ఏళ్లు ఊరందరి ఇళ్లలో నీటి చుక్కలు ఆపి, ఇప్పుడు సొంతింటి మీద పడ్డాడు. టబ్బులో నిలబడి అరబకెట్టుతో స్నానం చేస్తాడు. సబ్బు లేని ఆ నీళ్లు మొక్కలకి పోతాయి. చిరిగిన చొక్కా సంచీ అవుతుంది, చిరిగిన సంచీ మసిగుడ్డ అవుతుంది. ఫ్యాను వేయడు. తలుపు కూడా చప్పుడు కాకుండా వేస్తాడు, చప్పుడు కూడా ఎక్కడో తరిగిపోతుందన్నట్టు.

మొన్న సాయంత్రం ఆయన మెట్లు దిగుతుంటే, పిల్లి నడిచినా తనంతట తానే వెలిగే దీపం వెలగలేదు. వెనక్కెళ్లి మళ్లీ దిగాడు. అప్పుడూ వెలగలేదు.

"చూశావా! నాకోసం దీపం కూడా దండగ కావడం లేదు!" అని ముఖం చేటంత చేసుకుని భార్యని పిలిచాడు.

"పాడైపోయుంటుంది లెండి," అంటూ ఆమె గడప దాటింది. దీపం కాస్త తటపటాయించి, వెలిగింది.

ఆమె ఆ దీపాన్నీ, తన చేతుల్నీ మార్చి మార్చి చూసుకుంది. ఏడాదిగా ఆయనతో పాటు అరబకెట్టుకి అలవాటుపడ్డ మనిషి, మర్నాడు పొద్దున రెండు బకెట్లు నిండా పట్టుకుంది. చెంబు తర్వాత చెంబు గుమ్మరించుకుంటూ, తన ఒంటి మీద నీళ్లు పడే చప్పుడు చాలాసేపు విన్నది.