గొర్రెబొచ్చు కోట్లలో ఎండుమిరపకాయలు

మా ఆయన మార్టూరులో రాళ్ళు కోసే మిల్లులో ఊపిరి పోగొట్టుకున్నాడు. చివరి రోజుల్లో దగ్గితే తుండుగుడ్డ మీద బూడిదరంగు పడేది. ఆయన పోయాక కొడుకుతో ఒక్కటే అన్నాను, గంజి తాగి బతుకుదాం గానీ ఆ మిల్లు గడప తొక్కొద్దని. తొక్కనన్నాడు. వాడు పడ్డ పాట్లన్నీ ఆ మాట నిలుపుకోవడానికే.

కౌలుకు పత్తి వేసేవాడు, తీరిక దొరికితే కుట్టుమిషను తొక్కేవాడు. శనగపచ్చ పురుగు ఏ మందుకీ చావని ఏళ్ళవి. పత్తి మీద ఆశ వదులుకున్నాం. ఆ రోజుల్లోనే గుంటూరులో రోడ్డు పక్కన పోసి అమ్మే పాతబట్టల్లోంచి ఒక తోలుకోటు తెచ్చాడు. వెనకటి యుద్ధాల్లో విమానాలు నడిపినవాళ్ళు తొడుక్కునేదట. లోపలంతా గొర్రెబొచ్చు, మెడచుట్టూ బొచ్చుకాలరు. రోళ్ళు పగిలే ఎండల ఊరికి ఇదెందుకురా అన్నాను. వాడు అరుగు మీద కూర్చుని కుట్లన్నీ ఊడదీశాడు. ఒక్కో ముక్కనీ పాత పేపరు మీద పరిచి గీసుకుని, మళ్ళీ ఆ కన్నాల్లోంచే దారం పోనిచ్చి కుట్టాడు. ఊడిన దారం నేను ఉండ చుట్టి దాచాను. బొంత కుట్టడానికి పనికొచ్చింది.

అక్కణ్ణించి అదే పిచ్చి. ఏ ఊరు వెళ్ళినా జిప్పు పోయిన కోట్లు, చెవుల మీదకి తోలు రేకులు దిగే టోపీలు ఏరుకొచ్చేవాడు. వాటిని చూసి కొత్తవి కుట్టేవాడు. పక్కచేను రైతు ఎదురుపడితే చాలు, "ఏరా, మీ విమానం ఎప్పుడు దిగుద్దిరా? దిగితే మా పత్తికీ కాస్త మందు కొట్టి పొమ్మను" అనేవాడు. వాడు నవ్వి ఊరుకునేవాడు. నాకు నవ్వు వచ్చేది కాదు.

సినిమాలకి బట్టలు అద్దెకిచ్చే హైదరాబాదు ఆయనొకడు ఎవరో చెబితే వెతుక్కుంటూ వచ్చాడు. కుట్టు మీద వేలు పెట్టి చూసి, తోలూ బొచ్చూ తనే పంపిస్తానని, ఒక గది నిండేటన్ని కోట్లూ టోపీలూ కుట్టమన్నాడు. అవి నచ్చితే ఏడాది పొడుగునా పని ఉంటుందన్నాడు. కానీ కొత్తవాటిలా కనపడకూడదట. దాంతో వాడూ కోడలూ లోపలి గుడ్డని టీ డికాక్షన్‌లో ముంచారు, మోచేతుల దగ్గర తోలుని రోలుకేసి రుద్దారు. చిరిగినదాన్ని అతుకేసుకుని కట్టుకున్నదాన్ని నేను. కొత్తదాన్ని పాడుచేస్తే కూలిచ్చే లోకమూ ఉందని అప్పుడే చూశాను.

కొడుకూ కోడలూ వంచిన నడుము ఎత్తలేదు. కోట్లు తయారయ్యాయి గానీ ఆ హైదరాబాదు ఆయన లారీ వెంటనే రాలేదు. బొచ్చుకి పురుగు పడుతుందని కోడలికి బెంగ పట్టుకుంది. కందిపప్పులోనూ బియ్యంలోనూ వేసినట్టే ప్రతి కాలరు మడతలోనూ, టోపీ లోపలా ఎండుమిరపకాయలు పెట్టింది. రంగు పోయిన తాలుకాయలు కాదు, ఇంటికని దాచుకున్న ఎర్రటి కాయలు ఏరి మరీ పెట్టింది. మా వైపు ఏ ఇల్లాలైనా అదే చేస్తుంది. కట్టలు కట్టలుగా పేర్చాం. బరువుకి కాయలు నలిగి, పొడి బొచ్చు మొదళ్ళలోకి దిగింది. పంపేముందు కాయలు తీసేసి దులిపింది. కంటికేమీ కనపడలేదు. ఘాటు మా ముక్కులకి తెలియలేదు. మిరప కల్లాల మధ్య బతికేవాళ్ళం, ఆ గాలి పీల్చే పెరిగాం.

కొన్నాళ్ళకి ఆయనే కట్టలన్నీ వెనక్కి వేసుకొచ్చి వాకిట్లో దింపించాడు. కేకలు వేయలేదు. వేసినా బాగుండేది.

"కుట్టుకి వంక పెట్టను మేస్త్రీ. లైట్ల కింద చెమట పట్టేసరికి తొడుక్కున్నవాళ్ళ మెడలు బొబ్బలెక్కాయండి. ఏం పూశారు వీటికి?"

వాడు కాలరు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. చాలాసేపు తియ్యలేదు. కోడలు గుమ్మంలోంచే నాకేసి చూసి, "పప్పులో వేసినట్టే వేశానత్తయ్యా" అంది.  ఆ తర్వాత ఆమె కూరలో కారం వేసేటప్పుడు మా ఎవరి మొహం వంకా చూసేది కాదు.

కుంకుడురసంలో ఉతికాం. బొచ్చు ఉండలు కట్టింది, తోలు అట్టలా బిగిసింది, మంట పోలేదు. హైదరాబాదు ఆయన మళ్ళీ రాలేదు. మిషను మీద గుడ్డ కప్పాడు వాడు. ఆ గుడ్డ ఇవాళ్టికీ అలాగే ఉంది.

గుడ్డ కప్పిన మర్నాడు పొద్దున్నే అన్నం మూట కట్టుకుని నా ముందు నిలబడ్డాడు. ఎక్కడికని నేను అడగలేదు. చేతిలో వెనక్కొచ్చిన టోపీల్లో ఒకటుంది.

"అదెందుకురా, చెవులు మండవూ?"

"మండితే మండనీలేమ్మా. రాయి కోసే మోతకన్నా నయం."

సాయంత్రం ఆ టోపీ తెల్లగా వస్తుంది. రోజూ పెరటి గోడకేసి కొడతాను. రాతిపొడి లేస్తుంది, దానివెంట ఆ కారం ఘాటూ లేస్తుంది. నాకు దగ్గు వస్తుంది. దగ్గి తల తిప్పేసరికి, అరుగు మీద వాడూ దగ్గుతుంటాడు. వాడిది కారానికి వచ్చే దగ్గు కాదు. ఆ దగ్గు ఈ ఇంట్లో ఇంతకుముందు విన్నదే.