దవడ నొప్పితో నా సంతాప సభకు వెళ్లిన రోజు

లా పాసై నల్లకోటు కొత్తగా కుట్టించుకున్న ఆ రోజుల్లో, నోరున్నవాడే వకీలని గట్టిగా నమ్మేవాణ్ణి. నందిగామలో మా సీనియర్ గారి దగ్గర చేరాక రెండేళ్లలో ఆ నోటితో కోర్టులో నేను పలికింది ఒకే ఒక్క మాట: "పాసోవర్ అండి." (మా సీనియర్ పక్క కోర్టులో ఉన్నారు, కాసేపాగి పిలవండి అని దాని భావం.) ఆయన వాదిస్తూ మరిచిపోయిన పాయింటు వెనక నిలబడ్డ నాకు గుర్తొచ్చినా, పళ్లు బిగబట్టుకుని ఊరుకోవడమే నా ప్రాక్టీసు.

అలాంటిది ఒక సోమవారం ఆయన, "శుక్రవారం వీరులపాడు గట్టు తగాదా నువ్వే వాదించు" అన్నారు. మర్నాటికల్లా కుడి చెవి ముందు నొప్పి. ఆవలిస్తే టక్కుమని చప్పుడు. చెవిపోటని మందులషాపాయన చుక్కలిచ్చాడు. "జ్ఞానదంతంరా, నీకు లేటుగా వస్తోంది" అన్నాడు మావయ్య. (పన్ను గురించే అన్నాడో లేదో ఇప్పటికీ తెలియదు.) "వేడి చేసిందండి, సబ్జా గింజలు తాగండి" అన్నాడు గుమాస్తా. ఏది నమ్మాలో తెలియక మూడింటికీ వైద్యం చేసుకున్నాను. గురువారానికి నోట్లో ఇడ్లీ ముక్క పట్టలేదు. రెండేళ్లు ఎదురుచూసిన రోజున నోరే తెరుచుకోకపోతే ఏం చెయ్యాలో అర్థం కాలేదు.

శుక్రవారం పొద్దున జగ్గయ్యపేటలో మా ఇంట్లో, "కాపడం పెడితే సరిపోద్ది, పడుకో" అంటూ నాయనమ్మ వేడి ఉప్పు మూట దవడకు ఆనించి, అది జారకుండా తెల్లగుడ్డ గడ్డం కిందనుంచి తీసి నడినెత్తిన ముడివేసింది. కోర్టుకని తొడుక్కున్న తెల్లచొక్కాతోనే వసారాలో చాప మీద వెల్లకిలా పడుకున్నాను. హాయిగా కునుకు పట్టింది. పక్కనే నాయనమ్మ, శుక్లాల ఆపరేషనయ్యి నీరు కారుతున్న కళ్లు ఒత్తుకుంటూ కూర్చుంది. మా ఊళ్లోనే ఉన్న కూతురింటికొచ్చిన మా గట్టు కేసు కక్షిదారు, వీరులపాడు రైతు, నన్ను వెంటబెట్టుకెళదామని సరిగ్గా అప్పుడే గేటు దాకా వచ్చాడట. మా వైపు పోయినవాళ్లకు తప్ప దవడ అలా కట్టరు. పాపం చెప్పులు విప్పి, దణ్ణం పెట్టి, ముసలామెను పలకరించే ధైర్యం లేక అటునుంచటే నందిగామ బస్సెక్కాడట.

ఆ తర్వాతి బస్సులో నేను నందిగామ చేరేసరికి, బార్ రూములో వకీళ్లంతా తలలు వంచుకుని నిలబడి ఉన్నారు. మాలో ఎవరైనా పోతే సంతాపం తెలిపి ఆ రోజు పని ఆపెయ్యడం ఆనవాయితీ. నా వాదన వాయిదా పడుతుందే అని దిగులు, నోరు తెరవనక్కర్లేదని సంతోషం, రెండూ కలిసి వచ్చాయి. ఎవరు పోయారో అడగడానికి నోరు రాక, వెనక వరుసలో నేనూ తల వంచాను.

మౌనం ముగిశాక సీనియర్ గారు గొంతు సవరించుకున్నారు. "వాడికి నాకంటే ఎక్కువ తెలుసండి. నేను మర్చిపోయిన పాయింటు వెనక వాడి నోట్లో ఉందని నాకు తెలుస్తానే ఉండేది. అయినా రెండేళ్లు మాట్లాడనివ్వలేదు. తప్పు నాదే."

ఎవరీ అదృష్టవంతుడని అసూయ కలిగింది. ఆయన పొగడ్త అంతవరకూ ఎవరూ విని ఉండరు.

"ఇవాళ గట్టు కేసు వాదించాల్సిందండి వాడు."

నా నోరు దానంతటదే తెరుచుకుంది. టక్కుమంది. ఇక మూతపడలేదు. ఆ చప్పుడుకు వెనక్కి తిరిగిన రైతు, "వకీలు గారండీ..." అంటూ కూలబడ్డాడు.

పళ్ల డాక్టరమ్మ బొటనవేళ్లతో కింది దవడను నొక్కి యథాస్థానానికి చేర్చింది. "చెవీ కాదు, పన్నూ కాదండి, దవడ కీలు. రోజంతా పళ్లు బిగబడతన్నారా? పెదాలు కలిసుండాలి గాని పళ్లు కలవకూడదండి. కొన్నాళ్లు మెత్తటి అన్నం తినండి, కాపడం పెట్టుకోండి" అంది. నాయనమ్మ వైద్యం సరైనదేనన్నమాట, ముడి ఒక్కటే తేడా.

తర్వాతి వాయిదాకు నేనే వాదించాను. సీనియర్ గారు వెనక కూర్చుని పళ్లు బిగబట్టుకున్నారు.

ఆయన పోయినప్పుడు, అదే గదిలో, నన్ను మాట్లాడమన్నారు. ఆయన నా గురించి అన్న మాటలన్నీ గుర్తున్నాయి. దవడ నొప్పి పోయి ఏళ్లయింది. అయినా లేచి నిలబడితే నా నోట వచ్చింది ఒక్కటే.

"పాసోవర్ అండి."