డెక్లాన్‌కి మతి పోలేదు, వన్స్ మోర్ అన్నది నేను

నిన్న పొద్దున బ్యాక్‌యార్డ్‌లో గోంగూర కోస్తున్నాను. పక్కింటి నోరా చెప్పులైనా లేకుండా గేటు తీసుకుని వచ్చింది.

"డాడ్ పోయారు ఆంటీ" అంది.

చేతిలో గోంగూర చేతిలోనే ఉంది. "మొన్న సాయంత్రం కూడా నన్ను వెక్కిరించాడు కదే!" అన్నాను తెలుగులోనే. ఆ పిల్లకి ఏం అర్థమైందో, నా భుజం మీద తల పెట్టేసింది.

నేను వెంకాయమ్మని. నాకు చదువు రాదు. నేను చెప్తుంటే మా కోడలు శిరీష టైప్ చేస్తోంది. మెత్తగా మార్చి రాస్తే ఊరుకోనని ముందే చెప్పాను.

నోరా వాళ్ల నాన్న డెక్లాన్ అంటే ఈ ఊరి తెలుగువాళ్లలో చాలామందికి మా పక్కింటి తెల్ల తాత, అంతే.

ఐర్లండ్‌లో సముద్రం పక్కన ఊరు. తండ్రి రొట్టెలు కాల్చేవాడు. పదహారేళ్లకి స్టేజ్ ఎక్కాడు. దీపం పట్టుకుని నిలబడే వేషం, ఒక్క మాట లేదు. ఆ తర్వాత డబ్లిన్‌లో పెద్ద పెద్ద నాటకాలు, న్యూయార్క్‌లో నాటకాలు, ఆపైన సినిమాలు. పోలీసు, చర్చి ఫాదరు, ఓడ కెప్టెన్. ఏ వేషం ఇచ్చినా సగంలో చంపేసేవారు. మా టీవీలోనే ఆయన చావు నాలుగుసార్లు చూశాను. మర్నాడు గేటు దగ్గర కనబడితే "బతికే ఉన్నావా?" అని అడిగేదాన్ని.

భార్య పోయాక ఇక్కడికి, ఈ కాపెల్ ఊరికి, కూతురి దగ్గరికి వచ్చేశాడు. మన ఊరి చిన్న థియేటర్‌లో వేషాలు వేశాడు.

ఆయన ఇంగ్లిష్ నాకు సగం అర్థమయ్యేది. నా ఇంగ్లిష్ ఆయనకి పావు. మిగతాదంతా చేతులతోనే. రెండేళ్లు పెద్దదాన్నని తెలిశాక 'అక్కా' అనమన్నాను. చివరిదాకా అలాగే పిలిచాడు.

ఇప్పుడు అసలు సంగతి.

నిన్న మధ్యాహ్నానికే ఊరి గ్రూప్‌లో ఎవరో పోస్ట్ పెట్టారు. గొప్ప నటుడు, పాపం చివర్లో మతి పోయింది, స్టేజ్ మీద చచ్చిపోయాక మళ్లీ లేచి కూర్చున్నాడు అని.

శిరీష చదివి చెప్తే ఒళ్లు మండిపోయింది. అప్పటినుంచి ఒక చోట కూర్చోలేక ఇల్లంతా తిరుగుతున్నాను.

మతి పోలేదు. నేను లేపాను.

మా నాన్న పద్యనాటకాలకి హార్మోనియం వాయించేవాడు. ఆ పెట్టె పక్కనే పెరిగాను నేను. యుద్ధంలో బాణం తగిలిన వీరుడు పద్యం పాడి పడిపోతాడు. పద్యం బాగుంటే జనం "వన్స్ మోర్!" అని అరుస్తారు. అంతే. చచ్చినవాడు లేచి, దుమ్ము దులుపుకుని, నాన్న వైపు చూస్తాడు. నాన్న శ్రుతి అందిస్తాడు. మళ్లీ పాడి మళ్లీ చస్తాడు. మా దగ్గర నటుడికి అంతకంటే పెద్ద మర్యాద లేదు.

ఇది చెప్తే డెక్లాన్ పడీపడీ నవ్వాడు.

"ఇన్నేళ్లు చచ్చాను, మళ్లీ చావమని ఒక్కరూ అడగలేదక్కా" అన్నాడు.

"బాగా చావు, నేనడుగుతా" అన్నాను.

"నువ్వడిగితే లేస్తా." గుండె మీద చెయ్యి కూడా వేసుకున్నాడు.

రెండేళ్ల కిందట, ఆదివారం మ్యాటినీ. ముసలి తండ్రి వేషం. కుర్చీలో కూర్చుని కూతురితో చివరి మాటలు చెప్పి తల వాల్చేస్తాడు. మాటలు నాకు అర్థం కాలేదు. గొంతు అర్థమైంది.

లేచి నిలబడి "వన్స్ మోర్!" అని అరిచాను.

హాలంతా నా వైపు తిరిగింది. నా కొడుకు కొంగు పట్టి లాగాడు. "అమ్మా, కూర్చో! మన ఊరి పద్యనాటకం అనుకున్నావా!"

స్టేజ్ మీద డెక్లాన్ ఒక కన్ను తెరిచాడు.

నన్ను చూశాడు.

లేచి, కుర్చీలో సర్దుకుని, ఆ మాటలన్నీ మొదటినుంచి చెప్పాడు. ఒక్క ముక్క పోలేదు. మొదటిసారి కంటే నిదానంగా, ఇంకా బాగా. మళ్లీ చచ్చిపోయాడు. కూతురి వేషం వేసిన అమ్మాయి మళ్లీ ఏడవాల్సి వచ్చింది, పాపం.

డైరెక్టర్ ఏమనుకున్నాడంటే, ఎవరో అరిస్తే ముసలాయన కంగారుపడి, చచ్చిన సంగతే మర్చిపోయాడని. డెక్లాన్ కాదనలేదు. కాదంటే నా పేరు చెప్పాలి కదా.

నా కొడుకేమో "పరువు పోతుంది, నువ్వేం మాట్లాడకు" అన్నాడు. ఎవరికీ భయపడనిదాన్ని, నోరు మూసుకున్నాను.

ఆ తర్వాత డెక్లాన్‌కి ఒక్క రోల్ ఇవ్వలేదు. నోరా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లింది. టెస్టులన్నీ బాగానే వచ్చాయి. అయినా కార్ కీస్ తీసేసుకుంది.

రెండేళ్లు ఆ మనిషి గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"చెప్పేయనా తమ్ముడూ?" అంటే, "వద్దక్కా. బతుకంతటికీ ఒక్క వన్స్ మోర్. దాన్ని పంచాయితీ చేయకు" అనేవాడు.

ఆయన వద్దన్నాడని ఊరుకున్నానా? కాదు. ఆ మాట నాకు సాకుగా దొరికింది.

ఇవాళ పొద్దున వెళ్లి నోరాకి అంతా చెప్పాను. నాతో వచ్చిన శిరీష ఇంగ్లిష్‌లో చెప్పింది.

"కీస్ నేనే దాచాను ఆంటీ. డాడ్ మూడుసార్లు అడిగారు" అంది నోరా.

నన్ను తిట్టినా బాగుండేది. తిట్టలేదు. గేటు దాకా వచ్చి, "శనివారం ఈ మాట మీరే చెప్పండి" అంది.

శనివారం ఉదయం ఆ థియేటర్‌లోనే సంతాప సభ. ఎక్కుతాను ఆ స్టేజ్. ఆ రోజు నా వరుసలో కూర్చున్న మన కాపెల్ వాళ్లంతా రండి. మీరు విన్నారు, చూశారు. ఒక్కరు కూడా బిజీ అనొద్దు. పెద్ద పెద్ద మాటలు అక్కర్లేదు. ఆయన ఒక్క ముక్క మర్చిపోలేదని చెప్పండి, చాలు.

తమ్ముడూ,

ఈసారి నేను వన్స్ మోర్ అనను.

అంటే లేచేస్తావు.

అలిసిపోయావు. హాయిగా పడుకో.